ఉంగవ్వ పూసలు

కెమెరా కొనాలనుకునేవాడికి సలహా చెప్పేవాళ్లకు ఈ లోకంలో కొదవ లేదు. ఢిల్లీలో కూర్చున్నవాడు చెబుతాడు, హైదరాబాదులో కూర్చున్నవాడు చెబుతాడు, జన్మలో ఒక్క సినిమా తీయనివాడు అందరికంటే గట్టిగా చెబుతాడు. తెలంగాణ సరిహద్దు అవతల, బాసగూడ దగ్గర, తాలిపేరు వాగు దాటాక ఉన్న ఒక చిన్న పల్లెలో కురసం ఇర్మా అనే మనిషి రెండేళ్లపాటు వీళ్లందరి మాటా శ్రద్ధగా విన్నాడు. ఆ పల్లెలో ఫోనుకు సిగ్నల్ అందే చోటు ఒక్కటే, ఊరి వెనకున్న బండరాయి. పొద్దున్నే పశువులను తోలుకెళ్లి ఆ బండమీద గొంతుక్కూర్చుని, తక్కువ ఖర్చులో సినిమా తీయడం ఎలాగో హిందీలో ఒక వీడియో, తెలుగులో ఒక వీడియో చూసేవాడు. ఏ లెన్సుకు ఎంత వెలుతురు కావాలో, ఏ స్టాండు గాలికి ఊగదో, ఏ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో అతనికి కంఠతా వచ్చేసింది. చేతిలో మాత్రం తెర పగిలిన ఫోను తప్ప ఏమీ లేదు.

నవ్వేవాళ్లు నవ్వారు. "ఏంది ఇర్మా, హీరోయిన్ దొరికిందా?" అని సంతలో ఆటపట్టించారు. ఇర్మా కూడా నవ్వి ఊరుకునేవాడు. నిజానికి హీరోయిన్ ఎప్పుడో దొరికింది. ఆమెకు డెబ్బై దాటాయో ఎనభై దాటాయో ఆమెకే తెలియదు. నోట్లో నాలుగు పళ్లు, చేతిలో కర్ర, చెవిమీద సగం కాల్చిన చుట్ట. పేరు ఉంగవ్వ. ఇర్మాకు నాయనమ్మ. అతను తీయాలనుకున్న సినిమాలో ఆమె కూర్చుని ఒక పాట పాడుతుంది. అంతకుమించి కథ లేదు, ఫైటింగులు లేవు.

ఆ పాట సంగతి చెప్పకపోతే ఇర్మా పిచ్చి ఎవరికీ అర్థం కాదు. ఏటా తొలకరికి ముందు ఆ పల్లెలో విత్తనాల పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ మోదుగాకు దొప్పెడు విత్తనాలు తెచ్చి ఊరి తల్లి గద్దె ముందు ఒకే కుప్పగా పోస్తారు. పెద్దామె ఆ కుప్ప పక్కన కూర్చుని పాట ఎత్తుకుంటుంది. పాట పొలిమేర రాయి దగ్గర మొదలై, గుట్టలూ వాగులూ దాటుతూ, ఒక్కో ఇంటి దగ్గరా ఆగుతుంది. ఆ మడి ఎవరు కొట్టి చదును చేశారు, ఏ గింజ వేశారు, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, అన్నీ చెబుతూ ఇరవై ఏడు ఇళ్లూ తిరిగి మళ్లీ పొలిమేర రాయి దగ్గరకే వస్తుంది. అప్పుడు వడ్డె, అంటే వాళ్ల పూజారి, ఆ గింజలను మళ్లీ దొప్పల్లో పోసి పంచుతాడు.

పాటకు కట్టుబాట్లు ఉన్నాయి. అది మొదలయ్యాక మగవాళ్లు తలపాగా తీసేస్తారు, ఆడవాళ్లు తలమీది కొంగు దించుతారు. చెవులు కప్పుకున్న మనిషి ఆ చుట్టులో కూర్చోకూడదు. మన చెవులతోనే విత్తనం వింటుందట. ఎవరు చెవి మూసుకుంటే వాళ్ల ఇంటి గింజ చెవిటిదై మొలవకుండా పోతుందట. పాట మధ్యలో లేచి వెళ్లకూడదు. పండుగ దాటిందంటే మళ్లీ ఏడాదివరకు ఆ పాట ఎవరి నోటా రాకూడదు, కూనిరాగంగానైనా సరే.

అందుకే దాన్ని నేర్చుకోవడమంటే మాటలు కాదు. ఉంగవ్వ తన అత్త పక్కన కూర్చుని ఏడాదికోసారి చొప్పున ఇరవై పండుగలు విని నేర్చుకుంది. ఆమె పక్కన కూర్చోవలసిన వయసువాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. అడవిలో తుపాకుల గొడవల కాలంలో ఒక రోజు ఊరు ఊరంతా లేచి అడవిదారిన తెలంగాణ వైపు వెళ్లిపోయింది. చర్ల పక్క మిరప చేలల్లో కూలికి కుదిరింది. పన్నెండేళ్లు. చేను లేనివాడికి విత్తనమెక్కడిది, విత్తనం లేనిదే పండుగెక్కడిది? పన్నెండేళ్లూ ఉంగవ్వ ఆ పాటను నోట్లోకి రానివ్వకుండా కడుపులోనే దాచుకుంది. తిరిగి వచ్చింది పదిహేను ఇళ్లవాళ్లు. మిగతా పన్నెండు ఇళ్లవాళ్లు అక్కడే ఉండిపోయారు. వాళ్ల మడుల్లో తుప్పలు పెరిగాయి, ఇళ్లు మట్టిలో కలిశాయి. ఊళ్లో వాళ్లకంటూ మిగిలిన చోటు ఆ పాట ఒక్కటే.

ఇర్మాకు ఇంకో కారణం కూడా ఉంది. ఊరు కదిలిన నాటికి అతను ఏడేళ్లవాడు. తల్లి అంతకుముందే పోయింది. తండ్రి జోగా దారిలో జ్వరంతో రెండు రాత్రులు వణికి, మూడో రోజు లేవలేదు. అక్కడే ఒక చెట్టు కింద పూడ్చి, ఉంగవ్వ మనవడి చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. జోగాకు ఫోటో లేదు, కార్డు లేదు, ఏ కాగితంమీదా పేరు లేదు. తండ్రి ముఖం ఎంత తలుచుకున్నా ఇర్మాకు గుర్తు రాదు. ఏడాదికి ఒకసారి, పంతొమ్మిదో ఇంటి దగ్గర, పాటలో వినిపిస్తాడు. "ఇప్పచెట్టు కింది మడి జోగాది, ఎర్రమొలక వడ్లు జోగావి, జోగా దారిలో ఆగినాడు, బిడ్డ ముందుకు నడిచినాడు." అంతే. ఆ నాలుగు మాటల కోసం ఇర్మా ఏడాదంతా ఎదురుచూసేవాడు.

రెండేళ్ల కిందటి పండుగలో ఉంగవ్వ ఎనిమిదో ఇంటి దగ్గర తడబడింది. కుప్పవైపు చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మళ్లీ అందుకునేసరికి అక్కడ ఉన్నవాళ్లకు చెమటలు పట్టాయి. ఇర్మా ఆ రోజు ఫోనుతో తీయబోయాడు గాని మేకల అరుపులూ పిల్లల గోలా తప్ప అందులో ఏమీ వినపడలేదు. కెమెరా మోజు అప్పుడు పట్టుకుంది. చిన్నప్పుడు భద్రాచలంలో ఒక పెళ్లి స్టూడియో ఆయన వెంట లైటు పట్టుకుని తిరిగాడు కాబట్టి కెమెరా అంటే బెరుకు లేదు. కోసే అనే తన భార్యతో కలిసి రెండు మిరప కోతలకు వెళ్లివచ్చి, తునికాకు డబ్బు కూడా కలిపి, మూడో ఏడు పండుగకు నెల ముందు బచేలీ బస్సెక్కాడు.

బచేలీ గని కంపెనీ ఊరు. ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఉమామహేష్ అలాంటి ఇంటివాడే. తండ్రి గనిలో పనిచేసి రిటైరయ్యాడు, కొడుకు బజారులో ఫోటో స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లు తీస్తాడు, పాత కెమెరాలు అమ్ముతాడు. నోరు కాస్త దురుసు గాని మనిషి మంచివాడు. ఇర్మా తిన్నగా వచ్చి అద్దాల బీరువాలో ఉన్న పెద్ద కెమెరా ముందు నిలబడి దానివంక గుడికెళ్లినవాడిలా చూడటం గమనించాడు.

"ఏటి తమ్ముడూ, దాంతో ఏటి తీస్తావు?"

ఇర్మా చెప్పాడు. అవ్వ గురించి, పాట గురించి, ఏడాదికి ఒక్కసారే పాడటం గురించి. ఉమామహేష్ బీరువా తలుపు వేసేశాడు.

"అది నీకొద్దు. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ఉన్నదంతా బొమ్మకి తగలేసి, మాట దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. బొమ్మ మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే ఎవడూ కూర్చోడు. నీది పాట కదా, ముందు మైకు సంగతి చూడు."

బల్లమీద ఒక్కొక్కటే పెట్టాడు. మైకు గుచ్చుకునే రంధ్రం ఉన్న చిన్న పాత కెమెరా. బరువైన స్టాండు. కరెంటు నమ్మకం లేని ఊరు కాబట్టి మూడు బ్యాటరీలు. రెండు మెమరీ కార్డులు. బట్టకు తగిలించుకునే వైర్‌లెస్ మైకు, గాలి హోరు పడకుండా దానికి బొచ్చు టోపీ. చివరగా ఒక హెడ్‌ఫోను తీసి ఇర్మా చేతిలో పెట్టాడు.

"ఇది చెవులకి పెట్టుకోకుండా బటన్ నొక్కకు. చెప్పలేదనకు. కెమెరాకి మైకు గుచ్చావంటే కెమెరా సొంత చెవి మూసేసుకుంటాది. మైకు ఏటి వింటే నీకు అదే మిగులుతాది. కాబట్టి అది ఏటి వింటుందో నువ్వు వింటూనే ఉండాలి. ముందురోజు ఒకసారి పాడించి చూసుకో."

"పాడించొద్దన్నా. పండుగనాడే పాడాలె."

"అలాగైతే మాట్లాడించి చూడు. ఇంకోటి, చుట్టుపక్కల ఫోన్లన్నీ ఆపించు. లేకపోతే గురగురలాడతాది."

హెడ్‌ఫోను చేతిలో పట్టుకుని ఇర్మా ఒక్క క్షణం తటపటాయించాడు. పాట పాడేటప్పుడు మా ఊళ్లో చెవులు కప్పుకోకూడదన్నా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత తెలిసినవాడి ముందు ఆ మాట అంటే నవ్వుతాడేమోనని సిగ్గుపడ్డాడు. అడవి మనుషులు అనుకుంటాడేమో. చూద్దాంలే అనుకుని మింగేశాడు. మనిషి జీవితంలో నోరు జారి చెడినవి కొన్ని ఉంటాయి, నోరు తెరవక చెడినవి అంతకు పదింతలు ఉంటాయి. ఇర్మా చెడింది అక్కడే.

పండుగ ముందురోజు అరుగుమీద ఉంగవ్వను కూర్చోబెట్టి, భుజంమీద చీర ముడికి మైకు తగిలించి, హెడ్‌ఫోను పెట్టుకుని బటన్ నొక్కాడు. ఆమె కోడిని తిట్టింది, కోడిని తోలనందుకు మనవడిని తిట్టింది, ఎప్పుడో పోయిన మొగుడిని కూడా వదిలిపెట్టలేదు. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. ఆమె ఊపిరి కూడా వినిపించింది. ఇర్మాకు కళ్లు చెమర్చాయి. హెడ్‌ఫోను తీసి ఆమె చెవులకు పెట్టి వినిపించాడు.

"నా గొంతు గిట్లుంటదా? ముసల్దాని గొంతు లెక్కున్నది," అని ఆమె నోరంతా తెరిచి నవ్వింది.

తెల్లారింది. గద్దె దగ్గర జనం చేరుతున్నారు. ఇర్మా స్టాండు బిగించి, వెలుతురు చూసుకుని, ఉంగవ్వను తీసుకురావడానికి ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఉంగవ్వకు కోసే తల దువ్వి కొప్పు వేసింది. ఉంగవ్వ రేకు పెట్టె తెరిచి, జోగా పోయిన నాటినుంచీ ముట్టని పూసలన్నీ తీసి మెడలో వేసుకుంది. తెల్లవి, నీలివి, ఎర్రవి, పాత బిళ్లలు గుచ్చినవి. పద్నాలుగు వరసలు. అత్త ఇచ్చినవి. ఊరు విడిచిన రోజు ఇంట్లోంచి ఆమె తెచ్చుకున్నది వాటిని, మనవడిని మాత్రమే.

"ఊరంత సూస్తదన్నవు గద," అంది సిగ్గుపడుతూ. "వట్టి మెడతోటి ఎట్ల కూసుంట?"

అవ్వ ఇంత అందంగా ఉండటం ఇర్మా ఎప్పుడూ చూడలేదు. గుండెల దగ్గర చీర అంచుకు మైకు తగిలించాడు. మైకు బొమ్మలో కనిపించకూడదని వీడియోల్లో అందరూ చెప్పారు కదా, పూసలను దానిమీదికి జాగ్రత్తగా సర్దాడు. వెనక్కి జరిగి చూశాడు. మైకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. తన పనితనానికి తానే మురిసిపోయాడు.

గద్దె దగ్గర అందరి ఫోన్లూ ఒక గంపలో వేయించి ఆపించాడు. కోసేకు చలికాలంలో కొన్న కొత్త ఫోను ఉంది. దాన్ని వేయకుండా చేతిలోనే పట్టుకుంది.

"నేను అవ్వ పక్కనె కూసుంట గద. ఒళ్లె పెట్టుకొని రికార్డు చేస్త. ఎందుకైన మంచిది."

"వద్దు. గురగుర వస్తది. పెద్ద కెమెరా ఉండంగ అదెందుకు?"

"ఒక్కటే ఫోను, ఏమైతది?"

"నీకు తెల్వది, వెయ్యి," అన్నాడు ఇర్మా, నలుగురిలో, కాస్త విసుగ్గా. కోసే ఫోను ఆపి గంపలో వేసింది.

ఇర్మా కెమెరా వెనక్కి వచ్చి హెడ్‌ఫోను చెవులకు పెట్టుకోబోయాడు. వడ్డె సుక్కా అప్పుడే తలపాగా విప్పి భుజంమీద వేసుకుంటున్నాడు. ముసలాయన, గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"అదేంది బిడ్డా?"

"విననీకి, తాతా."

"విననీకి చెవులున్నయి గద," అన్నాడు సుక్కా. తిట్టలేదు, కోప్పడలేదు. తలపాగాలు తీసినవాళ్లు, కొంగులు దించినవాళ్లు అందరూ ఇర్మావైపు చూశారు. కుప్పలో ఇర్మా పోసిన గింజలు కూడా ఉన్నాయి, ఇప్పచెట్టు కింది మడిలో పండిన ఎర్రమొలక వడ్లు. నిన్న అంత బాగా వినిపించింది కదా, ఇవాళ మాత్రం ఏమవుతుంది? హెడ్‌ఫోను సంచిలో పెట్టేశాడు. బటన్ నొక్కాడు.

ఉంగవ్వ ఆ రోజు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. ఎనిమిదో ఇల్లు దాటింది, తడబడలేదు. ఊగుతూ పాడింది, చేతులు తిప్పుతూ పాడింది. కెమెరా తెరమీద శబ్దం ఎంతుందో చూపే పచ్చగీతలు ఎగిరెగిరి పడుతుంటే, అవ్వ గొంతులో ఇంత బలముందా అని ఇర్మా సంబరపడ్డాడు. పంతొమ్మిదో ఇంటి దగ్గర ఆమె కొడుకు పేరు ఎత్తి, అరచేత్తో గుండెమీద కొట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చర్ల నుంచి వచ్చిన బంధువులు ఏడ్చారు. ఇర్మా కెమెరా కదలకుండా స్టాండును పట్టుకుని నిలబడి ఏడ్చాడు. నలభై ఒక్క నిమిషాలు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, చెయ్యి కడుక్కుని, హెడ్‌ఫోను పెట్టుకుని మొదటినుంచి వేసుకున్నాడు.

పూసలు. రేకుల కప్పుమీద వడగళ్లు పడ్డట్టు పూసలు. పద్నాలుగు వరసలూ మైకును రాసుకుంటూ, గుద్దుకుంటూ, బిళ్లలు గణగణమంటూ, ఆమె ఊగినప్పుడల్లా ఒక ఉప్పెన. వాటి వెనక ఎక్కడో వాగు అవతలి గట్టునుంచి ఎవరో పిలుస్తున్నట్టు సన్నగా ఒక గొంతు. ఒక్క మాటా అర్థం కాలేదు. అతను ముందుకు జరిపాడు. పదో నిమిషం, పూసలు. ఇరవయ్యో నిమిషం, పూసలు. పంతొమ్మిదో ఇల్లు ముప్పై ఒకటో నిమిషంలో వచ్చింది. అవ్వ పెదవులు కదిలాయి, చెయ్యి లేచింది. ఆ చెయ్యి సూటిగా మైకుమీదే పడింది. చెవులు పగిలిపోయేలా ఒక మోత. మళ్లీ ఒక మోత. మళ్లీ. తండ్రి పేరు ఆ మోతల కింద నలిగిపోయింది.

కోసే వచ్చి అతని ముఖం చూసి, హెడ్‌ఫోను తీసుకుని విన్నది. చాలాసేపు విన్నది. తిరిగి ఇచ్చేసి పొయ్యి దగ్గరకు వెళ్లింది. నాలుగు తిట్టి ఉంటే ఇర్మా ప్రాణం కాస్త తెరిపిన పడేది. ఫోను మాట ఆ తర్వాత కూడా ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

సాయంత్రం ఉంగవ్వ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాడు. మైకు చెడిపోయిందన్నాడు. ఇంకొక్కసారి, ఎవరూ లేని చోట, మెల్లగా పాడమన్నాడు.

"పాట విత్తనం మీద పడిపోయింది బిడ్డా. ఇగ వచ్చే ఏడే."

"పాడకు. వట్టి మాటలు చెప్పు. నేను రాసుకుంట."

ఆమెకు జాలేసింది. ఆకాశంవైపు చూస్తూ మొదలుపెట్టింది. పొలిమేర రాయి, గుట్ట, మొదటి ఇల్లు, రెండో ఇల్లు. మూడో ఇంటి దగ్గర ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. "రాగం లేకుంటె మాటలు నడువయి," అంది దిగులుగా. కాసేపయ్యాక మనవడి తల నిమిరి అడిగింది.

"పూసలు మంచిగ వచ్చినయా?"

"మంచిగ వచ్చినయవ్వా," అన్నాడు ఇర్మా. ఆమె చుట్ట వెలిగించుకుంది.

వారం తిరక్కుండా మళ్లీ బచేలీ వెళ్లాడు. ఉమామహేష్ కంప్యూటర్లో వేసి పూసల శబ్దం తీసేయడానికి రెండు రోజులు కుస్తీ పట్టాడు. పూసలు పోతే గొంతూ పోతోంది, గొంతు ఉంచితే పూసలూ ఉంటున్నాయి. చివరికి కుర్చీ వెనక్కి తోసి విసుగ్గా అడిగాడు, హెడ్‌ఫోను ఎందుకు పెట్టుకోలేదని. ఇర్మా అప్పుడు చెప్పాడు, చెవుల సంగతి. ఉమామహేష్ నవ్వలేదు.

"ఆ ముక్క ఆ రోజే చెప్పొద్దా తమ్ముడూ? కర్రకి కట్టి దూరం నుంచి పట్టుకునే మైకు ఇచ్చేవాణ్ణి కదా. ఒంటికి తగలదు, దేన్నీ రాసుకోదు. అదిగో, గోడకే ఉంది చూడు."

గోడకే ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఇర్మా సంచి తగిలించింది కూడా ఆ పక్క మేకుకే. ఉమామహేష్ దాన్ని దించి చేతికిచ్చాడు. "తీసుకెళ్లు. వచ్చే ఏడాది తెచ్చియ్యి. ముసలమ్మని జాగ్రత్తగా చూసుకో."

ఇర్మా చూసుకున్నాడు. ఆ తొలకరి నుంచీ ఉంగవ్వను పసిపాపలా చూసుకున్నాడు. కర్రలేకుండా నడవనివ్వలేదు, వానలో తడవనివ్వలేదు, కొత్త దోమతెర కట్టాడు. ఇంత ప్రేమ ఎప్పుడూ లేదే అని ఆమె వేళాకోళం చేసింది. అది ప్రేమో, పాటమీది ఆశో ఇర్మాకే తెలియలేదు, తెలియనందుకు తనను తానే అసహ్యించుకున్నాడు. భాద్రపదంలో తాలిపేరు ఒడ్లు దాటి పొంగింది. ఉంగవ్వకు జ్వరం వచ్చింది. డోలీ కట్టి నలుగురు మగవాళ్లు రెండుసార్లు వాగుదాకా వెళ్లి, దాటలేక తిరిగి వచ్చారు. మూడో రోజు తెల్లవారుజామున ఉంగవ్వ నోట్లో కోసే పోసిన గంజి బయటికి వచ్చేసింది. ఆమె పూసలు ఆమె మెడలోనే వేసి సాగనంపారు. పాడె ఎత్తినప్పుడు అవి గలగలమన్నాయి.

దినాలనాడు వడ్డె సుక్కా అందరిలో ఇర్మా భుజంమీద చెయ్యి వేశాడు. "అవ్వ పోయింది గాని పాట యాడికి పోలే. ఇర్మా కాడ పదిలంగ ఉన్నది." అందరూ అవునన్నట్టు తలలూపారు. ఇర్మా నోరు తెరవలేకపోయాడు. రెండోసారి. చలికాలమంతా ఊళ్లో అతనికి ఎక్కడలేని మర్యాద. చర్లలో ఉండిపోయిన పన్నెండు ఇళ్లవాళ్లూ ఈసారి అందరం వస్తాం, మా పేర్లు విని పోతాం అని కబురుపెట్టారు. కర్రమైకు చూరుకింద గుడ్డ చుట్టి అలాగే ఉంది. ఇర్మా బండమీదికి వెళ్లడం మానేశాడు. పశువులు అలవాటుకొద్దీ అటే వెళితే, తోలుకుని ఇటు వచ్చేసేవాడు.

పండుగ పొద్దున ఇర్మా సుక్కా గుడిసెకు వెళ్లి చెప్పేశాడు. పూసల సంగతి, హెడ్‌ఫోను సంగతి, అన్నీ. ఆయన ఎక్కడ తిడతాడోనని తల దించుకుని నిలబడ్డాడు. హెడ్‌ఫోను తీయించింది తానేనని సుక్కాకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది? ఆయన లేచి తలపాగా చుట్టుకున్నాడు.

"ఇంకెవలకు రాదు గద. వినపడ్డకాడికి వినపడ్తది. పెట్టు బిడ్డా."

గద్దె ముందు కుప్ప పోశారు. చర్ల నుంచి ట్రాక్టరులో వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. మెట్టినింటి నుంచి పుట్టింటికి వచ్చిన ఆడవాళ్లు, ఈ నేలను ఎప్పుడూ చూడని పిల్లలు. ఉంగవ్వ కూర్చునే చోట పీటమీద ఒక టీవీ, పక్కన పెళ్లిళ్ల స్పీకరు. మగవాళ్లు తలపాగాలు తీశారు, ఆడవాళ్లు కొంగులు దించారు. ఇర్మా మీట నొక్కాడు.

ఉంగవ్వ తెరమీదికి వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది. చెంపమీది ముడతలు, కొప్పులో పువ్వు, ఒక్కో పూసా లెక్కపెట్టుకోవచ్చు. అయ్యో అవ్వా అని ఎవరో ఏడుపు ఎత్తుకున్నారు. ఆమె పెదవులు కదిలాయి. స్పీకరులోంచి పూసలు కురిశాయి.

మొదట అందరూ ముందుకు వంగారు, యంత్రం సర్దుకుంటుందేమోనని. అది సర్దుకోలేదు. చర్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చెవి దగ్గర అరచెయ్యి ఒంచి పెట్టుకుని, తన ఇంటి పేరు కోసం వింటూనే ఉన్నాడు. అతని ఇల్లు అయిదోది. అయిదో ఇల్లు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో అతనికి తెలియలేదు. పక్కవాణ్ణి కళ్లతో అడిగాడు. పక్కవాడికీ తెలియలేదు. పాట మధ్యలో లేవకూడదు కాబట్టి ఎవరూ లేవలేదు. కోసే విత్తనాల కుప్పవైపు చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా టీవీ వైపు గాని ఇర్మావైపు గాని చూడలేదు.

ఇరవై అయిదో నిమిషం. ముప్పయ్యో నిమిషం. ఇర్మాకు తెలుసు, ఇప్పుడు ఆమె గుక్క తిప్పుకుంటుంది, ఇప్పుడు కళ్లు మూసుకుంటుంది, ఇప్పుడు పెదవులు జోగా అంటాయి, ఇప్పుడు చెయ్యి లేస్తుంది. ఏడాదిగా ఆ చోట ప్రతిసారీ హెడ్‌ఫోను లాగి పారేశాడు. అతని చేతులు వాటంతటవే చెవులవైపు లేచాయి. ఎదురుగా కుప్పలో అతని తండ్రి మడిలోని గింజలున్నాయి. చుట్టూ తలపాగాలు తీసి, కొంగులు దించిన మనుషులు చెవులు తెరుచుకుని కూర్చున్నారు. ఇర్మా చేతులు దించి, మోకాళ్లమీద పెట్టుకుని, విన్నాడు.